పిలవని పేరు

“ఇందులో ఇంక చీమ దూరడానికి కూడా చోటు లేదక్కా,” అంది లేలో.

ఉర్వే వినిపించుకోలేదు. చాక్లెట్ డబ్బాను ఉన్ని మేజోళ్లలో చుట్టి చక్రాల పెట్టెలో ఒక మూలకు కుక్కింది. దాని మీద అమ్మకు దగ్గు మందు, ఆ పైన ఇస్త్రీ చేసిన తువ్వాలు. ఎవరైనా ప్రయాణమవుతుంటే ఆమె చేతులు ఊరుకోవు. చేతులు ఆగితే గుండెల్లో గుబులు మొదలవుతుంది.

“తాలిన్‌లో దిగగానే ఫోన్ చెయ్యి.”

“దిగకముందే చేస్తాను. పైలట్‌ని బతిమాలి మరీ చేస్తాను. సరేనా?”

“వేళాకోళాలు చాలు. ఆ ప్రొఫెసర్‌ని నలుగురిలో నిలదీయడం అవసరమా? విడిగా అడగొచ్చుగా?”

“అడిగి అడిగి నోరు నొప్పెట్టింది. నీళ్లు శుభ్రమవుతాయని ఆయన కనిపెట్టిన పొడి మా సరస్సులో కలిపితే చేపలన్నీ చచ్చి తేలాయి. ఆ ముక్క ఆయన నివేదికలో లేదు. రేపు అదే పొడి ఊళ్ల తాగేనీళ్లలో కలపమంటాడు. ఎవరో ఒకరు అడగొద్దూ?”

ఉర్వే పెట్టె మూత నొక్కి జిప్ లాగింది. ఆమె బ్రస్సెల్స్‌లో దుభాషిగా స్థిరపడి చాలా కాలమైంది. పెద్దవాళ్లు కోపాన్ని ఎంత మర్యాదగా దాచుకుంటారో రోజూ చూస్తూనే ఉంది.

లేలో బూట్లు తొడుక్కుంటూ నవ్వింది. “నేను మన భాషలోనే అడుగుతా. ఫ్రెంచిలోకి మార్చేది నువ్వే. భయపడి నా మాట మెత్తబరిచావంటే ఊరుకోను.”

అక్కాచెల్లెళ్లిద్దరూ వానలో ఒకే గొడుగు కింద సభకు బయలుదేరారు.

పరిశోధన విధానాల మీద జరిగే సభ అది. ఐరోపా నలుమూలల నుంచి విశ్వవిద్యాలయాలు, పరిశ్రమల సంఘాలు, లేలో పనిచేసే సరస్సుల కేంద్రం లాంటి చిన్న సంస్థలు వచ్చాయి. పెద్ద బల్ల చుట్టూ ఒక్కొక్కరి ముందు ఒక పేరు పలక ఉంటుంది. మాట్లాడదలచినవారు దాన్ని నిలువుగా నిలబెడతారు. అధ్యక్షుడు పేరు పిలిచాకే నోరు విప్పుతారు. పిలిచిన మనిషి సీట్లో లేకపోతే మళ్లీ పిలిచి కాసేపు ఆగుతారు. చిన్న దేశమనో చిన్న సంస్థ అనో ఎవరినీ దాటిపోకూడదన్నది అక్కడి మర్యాద.

భోజనాలకు లేవబోయే ముందు లేలో తన పలక నిలబెట్టింది. అధ్యక్ష స్థానంలో ఉన్నది ఆ పొడి కనిపెట్టిన ప్రొఫెసరే, ఓస్టెరిత్. ఆయన చిరునవ్వు నవ్వి, “భోజనమయ్యాక మొదటి మాట మీదే,” అన్నాడు.

భోజనమయ్యాక అందరూ వచ్చారు, లేలో తప్ప. ఉర్వే దుభాషులకిచ్చే గాజు గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని చెల్లెలి గొంతు కోసం ఎదురుచూసింది. ఖాళీ కుర్చీ ముందు పలక నిలబడే ఉంది. ఓస్టెరిత్ ఆ వైపు చూడకుండా ఇంకెవరి పేరో పిలిచాడు.

గోడ పక్కన ఊరెళ్లేవాళ్లు పెట్టుకున్న సామాన్లలో లేలో పెట్టె కనిపించలేదు. విమానానికి వేళయి ముందే వెళ్లిపోయి ఉంటుందన్నారు. ఫోన్ పలకలేదు. రాత్రి తాలిన్ నుంచి అమ్మ ఫోన్ చేసి, “అందరూ దిగారే, అది దిగలేదు,” అంది. పోలీసులు మాత్రం, “చిన్నపిల్ల కాదు కదా మదామ్, ఒక్క పూటకే ఇంత కంగారా?” అన్నారు.

మర్నాడు పొద్దున్నే, బంగాళాదుంప వేపుళ్లు అమ్మే కొట్టు పైన ఉన్న ఒక చిన్న ఆఫీసు తలుపు తట్టింది ఉర్వే. ప్రైవేటు డిటెక్టివ్ బాకెల్మాన్స్ బొద్దుగా, నిద్రమొహంతో ఉన్నాడు. ఆయన సహాయకురాలు నాడేజ్ కుర్చీ జరిపి కూర్చోబెట్టింది.

“తడిసిపోయి వచ్చారు. నాడేజ్, కాస్త కాఫీ పెట్టు,” అన్నాడాయన.

“మీరే పెట్టండి బాస్. చెప్పేది రాసుకోవడం నా పని అని మీరే కదా అన్నారు.” ఆయన గొణుక్కుంటూ లేచాక ఆమె ఉర్వే చెవిలో చెప్పింది. “దిగులుపడకండి మదామ్. గొడుగు ఎక్కడ పెట్టాడో ఆయనకి గుర్తుండదు గానీ, మనిషి అన్న మాట ఒక్కటి కూడా పోనివ్వడు. ఆ బుర్ర నాకుంటే ఇక్కడెందుకుంటాను?”

ఉర్వే అంతా చెప్పింది. బాకెల్మాన్స్ కప్పు కింద పెట్టాడు.

“పలక నిలబడే ఉంది. అయినా పేరు పిలవలేదు?”

“లేదు.”

“ఒక్కసారి కూడా?”

“లేదండీ. నాకు వినబడకపోవడం కాదు. ఆ పేరు కోసమే చెవులప్పగించి కూర్చున్నాను.”

ఆయన వెంటనే లేచాడు. “పదండి. సభ ఈ రోజు కూడా ఉందన్నారుగా. వాళ్లంతా ఊళ్లకు పోకముందే చూడాలి.”

సభా భవనంలో కోట్లు తగిలించే గది దగ్గర ఉర్వే కాళ్లు ఆగిపోయాయి. లేలో నీలం కోటు కొక్కేనికి వేలాడుతోంది. జేబులోంచి ఎర్ర చేతి తొడుగు ఒకటి తొంగి చూస్తోంది. ఉర్వే ఆ కోటును గుండెలకు హత్తుకుంది.

“నిన్నటి నుంచి వాన తెరిపివ్వలేదు,” అన్నాడు బాకెల్మాన్స్ నెమ్మదిగా. “పెట్టె పట్టుకుని, కోటు వదిలేసి ఎవరూ పోరు. ఆమె ఈ భవనం దాటలేదు.”

లేలో పక్క సీటు ఇనీగోది. పరిశ్రమల సంఘం మనిషి. ఆ పొడి తయారుచేసేది వాళ్లే.

“ఆవిడకీ నాకూ పడదు. దాచేదేముంది?” అన్నాడు. “పెట్టె కనబడలేదు, వెళ్లిపోయిందనుకున్నా. పీడా పోయిందనుకున్నా కూడా. అంతే.”

“మీ కోటు ఎక్కడ?”

“ఆవిడ కోటు పక్కనే. నా కోటు నీళ్లు ఆవిడ కోటు మీద కారాయని మొదటి రోజే తిట్టిపోసింది.”

సభ ఏర్పాట్లు చూసే ఎవాంథియా కళ్లు తుడుచుకుంటూ వచ్చింది. “సాయంత్రం పలకలన్నీ ఏరింది నేనే. ఆమెది నిలబడే ఉంది. ఒక మాటైనా చెప్పకుండా పోయిందే అనుకున్నాను.”

“మీ కోటు?”

“అందరితో పాటే అక్కడే. కోట్ల మీద పడ్డారేంటి మెస్యూ? ముందు పిల్లని వెతకండి.”

ప్రొఫెసర్ ఓస్టెరిత్ ఉర్వే చేతిని రెండు చేతులతో పట్టుకుని ధైర్యం చెప్పాడు. ఆ చేతులు చల్లగా ఉన్నాయి.

“ఆమె పలక పడుకోబెట్టి ఉంది. మాట్లాడే ఉద్దేశం మానుకుందనుకున్నాను. అందుకే పిలవలేదు. పెట్టె లాక్కుంటూ వాకిలి దాటుతుంటే చూశాను కూడా.”

“మీ కోటు కూడా ఆ గదిలోనేనా?”

“నా గది వేరు. వేదిక వెనక. ఎప్పట్నుంచో నేనా పక్క తలుపు నుంచే వస్తాను.”

నాడేజ్ వచ్చి బాకెల్మాన్స్ చెయ్యి లాగింది. వేదిక వెనక ఒక నడవా ఉంది. దానికి సభా మందిరం నుంచీ వంటశాల నుంచీ కూడా దారి ఉంది. మరమ్మతులు మధ్యలో ఆగిపోవడంతో నేలంతా సున్నం పొడి. ఆ పొడిలో రెండు చక్రాల చారలు పాత సామాన్ల లిఫ్టు దాకా వెళ్లాయి. వెనక్కి రాలేదు. లిఫ్టు గది తీసేసి చాలా రోజులైంది. తలుపు స్థానంలో చెక్కలు అడ్డంగా ఉన్నాయి, వాటి వెనక లోతైన గొయ్యి. ఒక చెక్కకు మేకులు వదులుగా ఉన్నాయి.

“లేలో!” అని అరిచింది ఉర్వే. చెక్కల వెనక నుంచి చల్లటి గాలి తప్ప ఏమీ రాలేదు.

“నాడేజ్, అగ్నిమాపక దళం. పోలీసులు కూడా. పరిగెత్తు!” బాకెల్మాన్స్ ముఖంలో నిద్ర పోయింది. “చెక్కలు ఊడదీసే దాకా ఒక్కరు కూడా భవనం దాటకూడదు. మదామ్, మీరిక్కడ ఉండొద్దు. నిన్న మీరెక్కడ కూర్చున్నారో అక్కడే కూర్చోండి. నాకు నిన్నటి సభ మళ్లీ కావాలి.”

అందరూ ఎవరి సీట్లలో వాళ్లు కూర్చున్నారు. ఉర్వే గాజు గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. ఎక్కడో గోడ అవతల సుత్తి దెబ్బలు మొదలయ్యాయి. ఎవాంథియా లేలో పలకను తెచ్చి ఖాళీ కుర్చీ ముందు నిలబెట్టింది.

బాకెల్మాన్స్ ఆ కుర్చీ వెనక నిలబడ్డాడు.

“ఇది బయటివాళ్ల పని కాదు. లేలో నిన్న ఊరెళుతోందని, పెట్టె మాయమైతే ఎవరూ వెతకరని తెలిసిన మనిషి పని. అంత తెలిసిన మనిషి కోటు మర్చిపోయాడు. ఇనీగో గారు మర్చిపోరు, తిట్లు తిన్నది ఆ కోటు దగ్గరే. ఎవాంథియా గారూ మర్చిపోరు. వానలో తడిసొచ్చి, అందరితో పాటు వరుసలో నిలబడి కోటు తగిలించుకున్న వాళ్లెవరికైనా అది గుర్తొస్తుంది. ఏళ్ల తరబడి పక్క తలుపు నుంచి వచ్చి సొంత గదిలో తగిలించుకునే మనిషికి ఆ కోట్ల గది ఉన్నట్టే గుర్తుండదు.”

ఓస్టెరిత్ నవ్వాడు. “ఒక కోటుతో మనిషిని హంతకుణ్ణి చేస్తారా?”

“కోటుతో కాదు. మీ నోటితో. పలక పడుకుని ఉందన్నారు. నిలబడి ఉండగా చూసినవాళ్లు ఇద్దరున్నారు. మొదటి మాట ఆమెదేనని మీరే అన్నారు. కుర్చీ ఖాళీగా ఉంటే పిలవాలి, మళ్లీ పిలవాలి. తప్పించుకోవాలనుకున్న మనిషైతే గట్టిగా పిలిచి, అరె, లేదేమిటని ఆశ్చర్యపోయేవాడు. మీరు అదే చెయ్యలేకపోయారు. ఇప్పుడు చెయ్యండి. మైకు ముందుకు రండి. ఆమె పేరు పిలవండి.”

ఓస్టెరిత్ మైకు మీద ఎర్ర దీపం వెలిగింది. హెడ్‌ఫోన్లలో ఆయన ఊపిరి ఉర్వే చెవి పక్కనే ఉన్నంత దగ్గరగా వినిపించింది. నాలుక తడుపుకోవడం వినిపించింది. పేరు మాత్రం వినిపించలేదు.

“పిలవండి ప్రొఫెసర్.”

“నా వల్ల కాదు.”

“ఎందుకని?”

“పలుకుతుందేమో!”

ఆయన మైకుకే చెప్పుకుంటున్నట్టు మాట్లాడాడు. “మాట్లాడదామని నేనే నడవాలోకి పిలిచాను. చేపల సంగతి వదిలెయ్యమని బతిమాలాను. ఆ పొడి మీదే నా జీవితమంతా పెట్టాను. వినలేదు. తోశాను. ఆ చెక్క ఊడుతుందని... తర్వాత పెట్టె తెచ్చి పడేశాను. చెక్క మళ్లీ పెడుతుంటే కింద నుంచి పిలుస్తూనే ఉంది. వాళ్ల భాషలో ఏదో. మళ్లీ మళ్లీ అదే. నేను నడవా తలుపు మూసి వచ్చి ఈ కుర్చీలో కూర్చున్నాను. ఆమె పేరు పిలిస్తే బదులొస్తుందని భయం వేసింది.”

ఆ పిలుపు ఏమిటో ఉర్వేకు ఎవరూ అనువదించి చెప్పనక్కర్లేదు. నిన్న భోజనాల తర్వాత కూడా ఆ పిలుపు సాగుతున్నప్పుడు తాను ఇదే గాజు గదిలో, చెవులు రెండూ గట్టిగా మూసుకుని, ఎవరెవరి మాటలో జాగ్రత్తగా ఫ్రెంచిలోకి మారుస్తోంది.

సుత్తి దెబ్బలు ఆగాయి. తలుపు దగ్గరికి నాడేజ్ వచ్చింది. ఒళ్లంతా సున్నం. బాకెల్మాన్స్ ఆమె వైపు ఆశగా తిరిగాడు. ఆమె ఆయన్ని చూడలేదు. గాజు గది వైపు చూసి, తల దించుకుంది.

లేలో కాల్యుస్తె ఇంటికి తిరిగి రాలేదు. ఆ గోడ అవతల, 2019 నవంబరు 14, గురువారం సాయంత్రం, సభ ముగియకముందే ఆమె ప్రాణం పోయింది.