అంగడి నాటి బస్సు

"పదకొండున్నరకు మన ఆకిఫ్ చెరువు కట్ట మీది కారు డిక్కీ తెరుస్తడు. ప్రియదర్శిని ఫోన్ల చెప్పింది నిజమైతే ముఠా పేర్ల చిట్టా దొరుకుతది. అబద్ధమైతే ఆకిఫ్ ముక్కలు గూడ దొరకవు. ఆలోపల ఆమెను అడిగి తేల్చుకో."

చీఫ్ విలాయత్ అలీ బ్రీఫింగ్ అంతే. 2012 మార్చి, శంషాబాద్ ఎయిర్‌పోర్ట్. ట్యాక్సీ డ్రైవర్ ఖాకీ చొక్కాలో ఏజెంట్ గోవర్ధన్ అరైవల్స్ బయట నిలబడ్డాడు.

పదకొండూ అయిదుకు ప్రియదర్శిని బయటికొచ్చింది. నల్లకళ్లద్దాలు, ఎర్ర స్కార్ఫ్, ఖరీదైన సెంటు. మూడేళ్లుగా విదేశీ ముఠాలో మన మనిషి. లేదా మనలో వాళ్ల మనిషి.

"ఇది వేషంలా లేదు గోవర్ధన్," అంది వెనక సీట్లో కూర్చుంటూ. "పుట్టుకతో వచ్చినట్టుంది."

"మామిడిపల్లి బడిల గింతే నేర్పిన్రు. ముచ్చట చెప్పు."

కారు కదిలింది. ఆమె చెప్పింది. గురువారం టూరిస్టు కోచ్ ఎక్కి ఒక్కరోజు ట్రిప్పుకి హార్టన్‌బరీ వెళ్లింది. ఇంగ్లండులో ఆరువందల ఏళ్లుగా గురువారం గురువారం అంగడి జరిగే ఊరు. ముఠా మనిషి అక్కడే కలిశాడు. హిమాయత్ సాగర్ కట్ట మీద తెల్లకారు, డిక్కీలో చిట్టా అన్నాడు.

"చౌక్ నిండా దుకాణాలే. కాలు పెట్టే సందు లేదు. ఈ తేనె నీకోసమే కొన్నాను."

"మస్తు నడిచినవా మరి?"

"నడవడమెందుకు? కోచ్ చౌక్‌లోనే ఆపాడు, గడియారం గోపురం ముందు. దిగితే అంగడే. ఇదిగో, బ్రోచర్లో చూడు."

బొమ్మలో గోపురం ముందు కోచ్ మెరుస్తోంది. చుట్టూ చౌక్ బోసిగా ఉంది. ఒక్క దుకాణం లేదు.

గోవర్ధన్ తండ్రితో షాద్‌నగర్ అంగడికి ఎడ్లను తోలుకుపోయిన మనిషి. అంగడి నాడు బస్సు ఊరి బయటే ఆగేది. లోపలికొస్తే తట్టలు పెట్టుకున్న ముసలమ్మలు జరిగేవాళ్లు కాదు, డ్రైవర్ ఏడు తరాలనూ తిట్టేవాళ్లు. ఇంగ్లండు ముసలమ్మలు మాత్రం జరుగుతారా?

పదకొండూ ఇరవై తొమ్మిది. అతను ట్యాక్సీ మీటర్ నొక్కాడు. అది మీటరు కాదు, ట్రాన్స్‌మిటర్. తలుపులు లాకయ్యాయి. సీట్ల మధ్య బుల్లెట్‌ప్రూఫ్ అద్దం లేచింది.

"ఆకిఫ్! లచ్చమ్మకు జరమొచ్చింది! లచ్చమ్మకు జరమొచ్చింది!"

వెనక్కి తగ్గమనే కోడ్. రేడియోలో గరగర. తర్వాత రొప్పు.

"డిక్కీ మీద చెయ్యేసిన అన్నా... తీసేసిన. దూరమొచ్చిన."

"పిచ్చా నీకు?" ప్రియదర్శిని అద్దాన్ని గుద్దింది. "ఏమిటి సాక్ష్యం?"

"అంగడి నాడు చౌక్ల బస్సు పట్టదు. బొమ్మ చూసి కథ అల్లినవ్, నువ్వు ఆ ఊరికే పోలే. ఆకిఫ్‌ను అమ్మనీకి పోయినవ్. కాదంటవా? కట్ట కాడికి తోలుకపోత. ఆ డిక్కీ నువ్వే తెరువు."

ఆమె నల్లకళ్లద్దాలు తీసింది. లాకైన తలుపు పిడిని గుంజి చూసింది.

గంట తర్వాత ఫోన్ మోగింది. విలాయత్ అలీ.

"బాంబ్ స్క్వాడ్ బాంబు తీసేసింది. డిక్కీల నాలుగు కిలోల పేలుడు మందు. ఇంతకూ ఆ ఊరెట్లుందంట?"

"ఆమె చూడలే సార్," అన్నాడు గోవర్ధన్. "ఇగ చూడది గూడ."