బటన్ వదలకండి!

మెకానిక్ మెడలో దిగింది అతని సొంత స్క్రూడ్రైవరే.

షాపు షట్టర్ సగం దించి, మిగతా సగం దించడానికి వంగినవాడు మళ్ళీ లేవలేదు. వెనకనుంచి వచ్చిన ఎద్దు మెడ మనిషి దాన్ని పిడి దాకా దించి, ఒకసారి మెలితిప్పి, శవాన్ని లోపలికి తన్ని, మిగతా సగం షట్టర్ తనే దించి వెళ్ళిపోయాడు. వీధిలో ఎవరికీ అనుమానం రాలేదు.

మర్నాడు పొద్దున ఆఫీసులో బాస్ ఆ శవం ఫొటోని బల్లమీద పడేశాడు.

"ఇతను టీవీ లిఫ్టులు బాగుచేస్తాడు. పెట్టెలోంచి మోటారుతో టీవీ పైకి లేస్తుందే, అవి. చచ్చే ముందు ఒక ఇంటికి ఫోన్ చేశాడు. ఆ ఇంటి ఫోన్ మనం వింటూనే ఉంటాం. విను."

టేపు గరగరలాడింది. 'అమ్మగారూ, మోటారు బాగానే ఉందండీ. టీవీ కిందికి దిగుతూ అడుగున దేనికో తగులుతోంది. తగిలితే చాలు, వెనక్కి సగం దాకా లేచి ఆగిపోతుంది, దాని గుణమే అంత. రేపొచ్చి వెనక చెక్క విప్పుతా.'

"ఈ అమ్మగారు ఎవరు సార్?"

"మన సైఫర్ ఇంజనీర్ తల్లి. నౌకాదళం కోడ్ మొత్తం ఆ కొడుకు బుర్రలోనే ఉంది. లాంతరు ముఠా అని శత్రుదేశపు గూఢచారులు అతని కోసం సముద్రం దాటి వచ్చారు. ఆ పెట్టెలో మైక్ పెట్టారని నా అనుమానం. నువ్వు మెకానిక్‌గా వెళ్ళు."

వెళ్ళవలసినవాడి అసలు పేరు ఆఫీసులో ఎవరూ వాడరు. సన్నగా, నిటారుగా ఉంటాడు. నెత్తిన ఎన్ని దెబ్బలు పడితే అంత లోపలికి దిగుతాడు. అందుకని మేకు అన్నారు, అదే ఖాయమైంది.

"లోపల మనవాళ్ళు ఎవరైనా?"

"మైనా. ఇంటీరియర్ డిజైనర్ వేషంలో కొన్ని నెలలుగా అక్కడే తిరుగుతోంది. ఆ పెట్టె డిజైన్ కూడా ఆవిడదే."

మైనా పేరు వింటే ఆఫీసులో మగవాళ్ళందరూ జుట్టు దువ్వుకుంటారు. మేకు కూడా దువ్వుకునే బయల్దేరాడు.

ఆమె గేటు దగ్గరే కారుకి ఆనుకుని నిలబడి ఉంది. నల్ల కళ్ళద్దాలు, ఎర్ర పెదాలు, చంకలో డ్రాయింగుల చుట్ట.

"పాలు విరిగాయా?" అన్నాడు మేకు.

"ఇంకా పొయ్యి మీదే ఉన్నాయి." కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. "నేను ఇక్కడే కాపలా ఉంటా. ఏం దొరికినా ముందు నాకే చెప్పు, ఇయర్‌పీస్‌లో. సొంత తెలివి ఉపయోగించకు."

హాల్లో పెద్దావిడ కాలికి కట్టుతో వాలు కుర్చీలో కూర్చుని ఉంది. చేతిలో రిమోట్. ఎదురుగా కిటికీ కింద నడుమెత్తు చెక్కపెట్టె, దాని నెత్తిన సగం దిగి ఆగిపోయిన టీవీ. పక్కగోడకి మైనా మనిషే ఒకడు, ఎద్దు మెడ వడ్రంగి, పాలిష్ పడుతున్నాడు.

"నువ్వైనా బాగుచేస్తావా, నిన్నటివాడిలా రేపొస్తానని ఎగ్గొడతావా?" అంది పెద్దావిడ.

మేకు టూల్‌బాక్స్ కింద పెట్టి తెరిచాడు. ఆ మనిషి ఎందుకు రాలేదో ఆమెతో ఏమని చెబుతాడు?

"చేసే వెళ్తా అమ్మగారూ. మోటారు ప్లగ్గు పీకేస్తున్నా. ఇక బటన్ నొక్కకండి, లేవదు."

"సరేలే," అంటూనే ఆవిడ పైకి బటన్ నొక్కి పట్టుకుంది. కాసేపు అలా అదిమిపెడితే ఏ యంత్రమైనా దారికొస్తుందని ఆవిడ గట్టి నమ్మకం. కొడుకు చెప్పి చెప్పి విసిగిపోయాడు.

ఆ కొడుకు అప్పుడే లోపలికి వచ్చాడు. బూట్లు విప్పుతూ, "అమ్మా, మందు వేసుకున్నావా?" అన్నాడు.

"ముందు నా టీవీ రానీ."

మేకు వెనక చెక్క స్క్రూలు విప్పి టార్చి వేశాడు. టీవీ దిగవలసిన చోట, మోటారు స్తంభం పక్కన, నల్ల టేపు చుట్టిన పొట్లాలు వరసగా పేర్చి ఉన్నాయి. మైక్ కాదు. ఇల్లు మొత్తం లేచిపోయేంత మందుగుండు! వాటిని పేల్చే డిటొనేటర్‌కి తగిలించి లిఫ్టు రిసీవర్ లాంటిదే ఒక చిన్న బోర్డు. దానిమీద లైటు గుడ్డిగా, ఆగకుండా రెపరెపలాడుతోంది.

"మైనా, బాంబు," అన్నాడు గుసగుసగా. "రిమోట్‌తో పేల్చే రకం. ఇంజనీర్ ఇంట్లోనే ఉన్నాడు."

"తెలుసు," అంది ఆమె చెవిలో. గొంతులో చిరాకు.

మేకు కిటికీలోంచి చూశాడు. మైనా గేటు అవతల నిలబడి, చెయ్యి ఇంటివైపు చాచి, నల్లటి బుల్లి రిమోట్‌ని నొక్కుతోంది. పని చెయ్యలేదు. దాన్ని అరచేతిలో రెండు దెబ్బలు కొట్టి మళ్ళీ నొక్కింది. ఇంకో అడుగు దగ్గరికొచ్చి మళ్ళీ నొక్కింది.

ఎందుకు పేలలేదు? తల తిప్పితే పెద్దావిడ బొటనవేలు కనిపించింది. బటన్ మీద తెల్లగా పాలిపోయి ఉంది. రెండు రిమోట్లదీ ఒకటే ఫ్రీక్వెన్సీ. పక్కనే ఒకరు గొంతు చించుకుంటుంటే వీధిలోంచి వచ్చే కేక వినపడదు. బాంబుకి మైనా మాట వినపడటం లేదు.

"అమ్మగారూ, బటన్ వదలకండి!"

"ఇందాక నొక్కొద్దన్నావు కదయ్యా?"

"ఇప్పుడు నొక్కమంటున్నా! ఇందులో బాంబుంది. మీరు వదిలితే మీ అబ్బాయి చచ్చిపోతాడు!"

పెద్దావిడ మేకు మొహం చూసింది, కొడుకు మొహం చూసింది. రెండో బొటనవేలు కూడా తెచ్చి మొదటిదాని మీద అదిమింది.

వడ్రంగి సుత్తితో దూకాడు. మొదటి దెబ్బకి మేకు పక్కటెముక విరిగిన చప్పుడు అతనికే వినిపించింది. అడ్డం వచ్చిన ఇంజనీర్‌ని వాడు ఎడంచేత్తో ఎత్తి గాజు అల్మారాలోకి విసిరాడు. గాజుపెంకులతో పాటు నెత్తురు జల్లయింది. రెండో దెబ్బ మేకు ఎడమచేతి వేళ్ళని పెట్టె అంచుమీద నలగ్గొట్టింది. మూడోది నెత్తికి గురిపెట్టి లేచింది.

"ఒరేయ్, బయటికి చూడు!" అని అరిచాడు మేకు. "మీ మేడమ్ ఏం నొక్కుతోందో చూడు!"

వాడు చూశాడు. ఆమె చేతిలోది ఏమిటో వాడికి బాగా తెలుసు. తను లోపల ఉండగానే నొక్కుతుందని మాత్రం ఎవరూ చెప్పలేదు. సుత్తి గాల్లో ఆగింది. మేకు స్క్రూడ్రైవర్ వాడి గవద కింద దిగింది, పిడి దాకా. షాపులో పడివున్న మెకానిక్ శవం ఫొటో గుర్తొచ్చి, మేకు కూడా ఒకసారి మెలితిప్పాడు. ఏ మాత్రం జాలి కలగలేదు.

కిటికీ అద్దం పగిలింది. తోటలోకి వచ్చేసిన మైనాకి పెద్దావిడ చేతిలోది కనిపించింది. పిస్టల్ ఎత్తి ఆ చేతికే కాల్చింది. గుండు భుజంలో దిగింది. కుర్చీ గోడకి కొట్టుకుంది. ఆవిడ కెవ్వుమంది. వేళ్ళు మాత్రం సడలలేదు.

"అమ్మా, నాకివ్వు!" నెత్తురు కారుతూ పాకివచ్చాడు కొడుకు.

"ముట్టుకోకురా! చెయ్యి మారేలోపు పోతావు!"

రిమోట్ ఎర్రదీపం మసకబారుతోంది. బ్యాటరీ అయిపోతోంది. మేకు నలిగిన చెయ్యి కడుపుకి అదుముకుని, కుడిచెయ్యి పెట్టెలోకి దూర్చి తడిమాడు. పొట్లం, పొట్లం, బోర్డు, తీగ. తీగ నెత్తుటి వేళ్ళమధ్య జారింది. పళ్ళు బిగించి చుట్ట చుట్టి లాగాడు. డిటొనేటర్ ఊడి చేతిలోకి వచ్చిన క్షణంలోనే ఎర్రదీపం ఆరిపోయింది. తోటలో మైనా మళ్ళీ నొక్కింది.

చేతిలోది మేకు బయటికి విసిరేలోగా టప్‌మని పేలింది. చిటికెనవేలు ఒక కణుపు పోయింది. ఇల్లు మిగిలింది.

టూల్‌బాక్స్ అడుగునుంచి పిస్టల్ లాగి, పగిలిన అద్దంలోంచి కాల్చాడు. మొదటి గుండుకి ఆమె చేతిలో రిమోట్ ముక్కలైంది. ఆమె ఎదురు కాల్చబోయింది. రెండో గుండు కళ్ళద్దాల మధ్యనుంచి పోయింది. ఇయర్‌పీస్‌లో ఆమె గడ్డిమీద కూలిన చప్పుడు స్పష్టంగా వినిపించింది.

బాస్, అంబులెన్సు, బాంబ్ స్క్వాడ్ వరసగా వచ్చారు. పొట్లాలన్నీ వ్యానెక్కాయి. శవాలు ఇంకో వ్యానెక్కాయి. డాక్టర్ పెద్దావిడ భుజానికి కట్టుకట్టి, చేతిలోని రిమోట్ తీసుకోబోయి, తియ్యలేక మేకుని పిలిచాడు.

"అమ్మగారూ, అంతా అయిపోయింది. బాంబు లేదు, బ్యాటరీ కూడా లేదు. ఇక వదిలేయండి."

పెద్దావిడ కదలలేదు. తలకి కట్టుతో పక్కన కూర్చున్న కొడుకునే చూస్తోంది. కళ్ళనీళ్ళు కారిపోతున్నా తుడుచుకోవడానికి ఆవిడకి చెయ్యి ఖాళీ లేదు.

"వదిలితే వీడు చస్తాడన్నది నువ్వే కదా నాయనా. ముందు వీణ్ణి ఈ ఇల్లు దాటించు. అప్పుడు చూద్దాం."

మేకు బాస్ వైపు చూశాడు. బాస్ తడికళ్ళు కనపడకుండా చటుక్కున గోడ గడియారం వైపు చూశాడు. కొడుకుని ముందు ఎక్కించి, ఇద్దరూ చెరోవైపు పట్టి, రిమోట్‌తో సహా ఆవిణ్ణి అంబులెన్సు ఎక్కించారు.