నిమ్మకాయల దండ వేసిన కొక్కెం

కాశయ్య పడ్డప్పుడు తాడు తెగలేదు. దేవిదాస్‌కు మింగుడు పడని సంగతి అదే.

చీఫ్ రామస్వామి బ్రీఫింగ్ క్లుప్తంగా ముగించాడు. "బోధన్ దగ్గర చక్కెర మిల్లు. మొలాసిస్ అనే చెరకు మడ్డి నుంచి రాకెట్ ఇంధనం తీసే సీక్రెట్ ప్రాజెక్ట్. దాని మీద విదేశీ ముఠా కన్ను పడింది. మన ఏజెంట్ కాశయ్య ట్యాంకు మీంచి పడి చనిపోయాడు. యాక్సిడెంట్ అన్నారు. రేపు సైంటిస్ట్ రాజలింగు అదే ట్యాంకు ఎక్కుతాడు. ప్రాణంతో దిగాలి."

"అక్కడ మనవాళ్లు?"

"రీటా. సేఫ్టీ కంపెనీ మనిషిగా ఉంది."

మర్నాడు దేవిదాస్ పెయింటర్ వేషంలో మిల్లుకు చేరాడు. నల్ల కళ్లద్దాల రీటా గేటు దగ్గరే ఎదురైంది.

"పసుపు ఆరిందా?"

"ముప్కాల్‌ల ఇంకా తడే."

కోడ్ కుదిరింది. ఆమె ఒక ఇనుప పెట్టె చూపించింది. "ఇందులో తాడు దానంతటదే చుట్టుకుంటుంది. మనిషి జారితే కారు సీటు బెల్టులా బిగుసుకుంటుంది. కాశయ్యకూ ఇదే ఇచ్చాను. పెట్టెలో ఏ లోపమూ లేదు."

ఆమె నిజమే చెబుతోందని అతనికి తెలిసిపోయింది. భయం వేసింది అందుకే.

ట్యాంకు పైన ముసలి మేస్త్రీ భోజన్న ఉన్నాడు. నెత్తి మీది దూలానికి కొక్కెం, దానికి పసుపు, కుంకుమ, నిమ్మకాయల దండ.

"పెట్టె ఏడ తగిలిస్తరు తాతా?"

"కాళ్లకాడి రెయిలింగుకు. పై కొక్కేనికి దసరా పూజ చేసినం. చెరకు క్రషింగ్ షురూ అయ్యేదాంక ముట్టం. రీటా మేడం గూడ గదే అన్నది, పూజను గౌరవించాలన్నది."

దేవిదాస్ కొలత టేపు కిందికి వదిలాడు. తొమ్మిది అడుగుల కింద పంపు ఇనుప కప్పు. పెట్టె నెత్తి మీదుంటే, బిగుసుకుని ఆగేసరికి మూడున్నర అడుగులు, ఒంటి బెల్టు సాగేది ఒకటి, జాగ్రత్తకు మూడు. ఏడున్నర. మనిషి బతుకుతాడు. అదే కాళ్ల దగ్గరుంటే, తాడు తగిలించే వీపు మీది రింగు పెట్టెను దాటి కిందికి పోయేదాకా తాడు బిగుసుకోదు. ఇంకో ఐదు. జాగ్రత్తకు ఉంచిన మూడూ తీసేసినా తొమ్మిదిన్నర.

అరడుగు తేడా. కాశయ్యను తాడు పట్టుకునేలోపే ఇనుము పట్టుకుంది.

వెనక్కి తిరిగేసరికి రాజలింగు ప్లాట్‌ఫామ్ మధ్యకు వచ్చేశాడు. బెల్టుకు తాడు తగిలించి ఉంది. రీటా వంగి పెట్టెను రెయిలింగుకు తగిలిస్తోంది.

దేవిదాస్ పెట్టె లాక్కుని కొక్కెం మీది దండ తీశాడు.

"ముట్టకన్నా, పాపం తగుల్తది," భోజన్న అడ్డం వచ్చాడు.

"నాకే తగలనీ తాతా." దండ తన మెడలో వేసుకుని పెట్టెను పైన తగిలించాడు.

రీటా చేతిలోని లిప్‌స్టిక్‌లో దాచిన మీట టిక్కుమంది. రాజలింగు కాళ్ల కింద ఇనుప పలక ఊడిపోయింది. పెట్టె టకటకా కొట్టుకుని బిగుసుకుంది. అతని బూట్లు పంపు కప్పుకు నాలుగడుగుల పైన ఆగి ఊగాయి.

దేవిదాస్ అప్పటికే రీటా మణికట్టు పట్టుకున్నాడు. ఆమె పలక ఊడిన చోటు వైపు చూసింది. "నా లెక్క ఎక్కడ తప్పింది?"

"తప్పలేదు మేడం. కాశయ్యకు సరిగ్గా సరిపోయింది."

సాయంత్రం వైర్‌లెస్‌లో రామస్వామి గొంతు వినిపించింది. "శభాష్. కాకపోతే కొక్కెం మైలపడిందని కార్మికులు గొడవ చేస్తున్నారట. మళ్లీ పూజ చేయించు. కొబ్బరికాయ నీదే."

"రెండు కొడతాను సార్. ఒకటి కాశయ్య పేరు మీద. పూజను గౌరవించి కొక్కేన్ని ముట్టుకోనందుకు."