గోడలో అడుగులు

పొద్దున్నే కుట్టుమిషను తొక్కితే తప్ప ఆ ఇల్లాలికి తెల్లవారినట్టు ఉండదు. ఆ రోజూ అలాగే కూర్చుందో లేదో, ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలుచుకునే తొమ్మిదేళ్ళ కూతురు మంచం మీంచి పిలిచింది.

"అమ్మా, మిషను ఆపు. గోడలో ఎవరో నడుస్తున్నారు."

ఆపింది. ఇల్లంతా నిశ్శబ్దం. పిల్ల మాత్రం దిండుకు చెవి ఆనించి, తనకే వినబడే అడుగులకు తగ్గట్టు వేలితో మంచం మీద తడుతోంది. భయాన్ని కోపం చేసుకోవడంలో తల్లి దిట్ట.

"మొదలెట్టావా? బడి ఎగ్గొట్టడానికి రోజుకో నాటకం!"

"నాటకం కాదమ్మాయ్, ఈ ఇల్లే మంచిది కాదు, దయ్యముంది. ఖాళీ చేద్దామంటే వినరు," అంది అత్తగారు.

"ఇంటికేమైంది అత్తయ్యా? పిల్ల తలనొప్పంటే మొన్న మీ బీపీ మిషనుతో చూశాంగా. అంతా బాగానే ఉంది."

నిజమే, చూశారు. అత్తగారి బీపీ పట్టీ పిల్ల చేతికి వదులుగా వేలాడినా అంకెలు చక్కగా వచ్చాయి. ఆ ధీమాతోనే తల్లి పిల్లను కూర్చోబెట్టి దువ్వెన తీసింది. పిచ్చుక వెనక్కి తిరిగి వింతగా చూసింది.

"అమ్మా, నీకు మొహం లేదేంటి?"

దువ్వెన జారిపోయింది. అత్తగారు గోడకు అతుక్కుపోయింది. పిల్ల చేతులు గాల్లో తడుముతున్నాయి. తల్లి ఆ పిల్లను భుజాన వేసుకుని, చెప్పులైనా లేకుండా వీధి చివరి పిల్లల డాక్టరు దగ్గరికి పరుగెత్తింది.

డాక్టరమ్మ చిన్న పట్టీ చుట్టి చూసింది. నమ్మలేక మళ్ళీ చూసింది.

"బీపీ చాలా ఎక్కువుంది. చూపు మసకబారింది అందుకే. చెవిలో అడుగులు తన గుండె చప్పుడే. వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళాలి."

"పిల్లలకి బీపీ ఏంటండీ? మా అత్తయ్య మిషనులో మామూలుగానే వచ్చింది!"

"పెద్దవాళ్ళ పట్టీ చిన్న చేతికి కడితే తక్కువ చూపిస్తుందమ్మా. పైగా వాళ్ళకి మామూలైన అంకె ఈ వయసుకి ఎక్కువే కావచ్చు."

అత్తగారి కొలతలతో పిల్లకు గౌను కుట్టమని ఎవరైనా అంటే ఆ తల్లి పడీపడీ నవ్వేది.

ఆసుపత్రిలో నరం ద్వారా మందు ఎక్కించి బీపీ మెల్లగా దించారు. కిడ్నీకి వెళ్ళే రక్తనాళం ఒకటి సన్నబడిందనీ, సరిచేయవచ్చనీ చెప్పారు. అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుని, "నేను దయ్యమన్నాను, నువ్వు నాటకమన్నావు. ఇద్దరం కలిసి పిల్లని ఏం చేసేవాళ్ళమే?" అని భోరుమంది.

పిచ్చుక కళ్ళు విప్పింది. "నేను అబద్ధం చెప్పలేదు కదమ్మా?"

"లేదు తల్లీ. నేనే నమ్మలేదు," అంటూ తల్లి వంగి ఆ చిన్న ఛాతీకి చెవి ఆనించింది.

అడుగులు వినబడుతున్నాయి. ఒకదాని వెంట ఒకటి. అవి ఎక్కడ ఆగిపోతాయోనని, ఆవిడ చాలాసేపు తల ఎత్తలేదు.