బోర్లేయని డొప్ప

చర్ల రోడ్డు మీద మూడో కల్వర్టు దాటినంక ఎడమ చేతికి ఒక కాలిబాట అడవిలకు దిగుతది. ఆ బాటెంట పావుగంట నడిస్తే ఒక జీలుగు చెట్టు వస్తది, తాటి లెక్క కల్లు గీసే చెట్టు. పొద్దు గూకితే ఆ దిక్కు ఎవ్వలు పోరు. పట్టపగలు ఇప్పపువ్వు ఏరనీకి పోయిన ఆడోళ్ళు సుత నీడలు సాగకముందే గంపలెత్తుకొని ఇంటికి మళ్ళుతరు.

నేను దెయ్యాలను నమ్మేటోణ్ని కాదు. సారపాక కాయితం మిల్లుల ఇరవై రెండేండ్ల సంది నైట్ షిఫ్టులు చేస్తున్న. కట్టెల యార్డుల ఒక్కణ్నే లోడర్ నడిపిన. దెయ్యమనేది ఉంటే ఈ కోటేష్‌కు ఎప్పుడో కనిపియ్యాలె. గని ఆ చెట్టు కింద నన్ను కూసోమను — కూసోను. ఎందుకో చెప్త. ఇందుల సగం విన్నది, సగం చూసింది. నమ్మితే నమ్మున్రి, లేకుంటే ఊకోన్రి.

ఆ చెట్టు లచ్చయ్యది. కోయ ముసలాయన. బక్క పాణం, నోట్లె ఎప్పుడూ ఆకు చుట్ట. జీలుగు చెట్టుకు వెదురుగడ ఆనిచ్చి ఎక్కుతుంటే కింద నిలబడ్డోళ్ళకు కాళ్ళు వణికేటియి, ఆయనకు కాదు.

వాళ్ళ ఊర్ల ఒక పద్ధతి ఉన్నది. కల్లు తాగేముందు రెండు చుక్కలు పెద్దల పేరు మీద నేలకు ఇడుస్తరు. తాగి తాగి చాలనిపిస్తే ఆకు డొప్పను నేల మీద బోర్లేస్తరు. డొప్ప ఎల్లకిల ఉన్నంతసేపు వంచేటోడు వంచుతనే ఉంటడు. వద్దని నోటితోటి అనొద్దు. బోర్లేస్తే అదే మాట. మనిషి సచ్చిపోతే దినాలనాడు ఆ మనిషి డొప్పను ఇంటోళ్ళు బోర్లేస్తరు... ఇగ చాలు, పోయిరా అన్నట్టు.

ఇప్పుడు సంపత్ ముచ్చట. మా మిల్లులనే మెషీన్ టెక్నీషియన్. వాళ్ళ నాయిన వెదురు లారీ నడిపేటోడు, లారీ ఎక్కువ ఆగేది లచ్చయ్య ఊర్లనే. నాయిన పోయినంక సెలవులొస్తే ఈ పిలగాణ్ని తీస్కపోయి సాకింది లచ్చయ్య, ఆయన పెండ్లాం జంపక్క. వాళ్ళకు పిల్లలు లేరు. మామా, అత్తా అని పిలుసుకుంట వాళ్ళ చేతులల్లనే పెరిగిండు. రక్తం చుట్టరికం లేదు, గని రక్తం ఉన్నోళ్ళు సుత అట్ల చూసుకోరు.

పోయినేడు మిల్లు కొత్త మెషీన్ పని నేర్సుకోనీకి సంపత్‌ను ఆర్నెల్లు జర్మనీ పంపింది. వారమంతా పని, శనివారం రైలెక్కుడు. యాడ బీరు కాస్తరో ఆడికల్లా పోయిండు. ఒక ఊర్ల పొగ వాసన బీరట, గింజలను కట్టెల పొగ మీద ఆరవెడ్తరట. ఇంకో ఊర్ల కొండను తొలిసి, లోపల చీకట్ల పీపాలు దాస్తరట. బెల్జియం పోతే సన్నాసులు మఠంల బీరు కాసుడు చూసిండు, ఒక్కో బీరుకు ఒక్కో తీరు గ్లాసట. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటరు, ఇగ ఈన బీరు కార్ఖానాల పొంటి తిరిగితే మా క్యాంటీన్ ఊకుంటదా? మెషీన్ పనికి పోయిండా, మందు పనికి పోయిండా అని నవ్విందే నవ్వింది.

ఈ ముచ్చట్లన్నీ లచ్చయ్యకు ఫోన్ల చెప్పేటోడు. సిగ్నల్ కోసం ముసలాయన గుట్టెక్కి కూసునేటోడు, ఒక్కడే. ఒకనాడు సంపత్ కొలోన్ అనే ఊరి సంగతి చెప్పిండట. ఆడ చిన్న సన్న గ్లాసుల బీరు తెస్తరు. గ్లాసు కింద ఒక గుండ్రటి అట్ట ఉంటది. గ్లాసు ఖాళీ అయితే అడగకుండనే ఇంకోటి తెచ్చి పెడ్తడు వంచేటోడు. చాలనుకుంటే కింది అట్ట తీసి గ్లాసు మీద మూత పెట్టాలె. అప్పటిదాంక ఆపడు.

లచ్చయ్య మస్తు నవ్విండట. మనం బోర్లేస్తం, వాళ్ళు మూత పెడ్తరు, గంతే ఫరకు అన్నడట. ఆఖరికి ఒక మాట అన్నడు.

"నాకో సీస, ఆ గ్లాసు, ఆ అట్ట పట్కరా బిడ్డా. మన చెట్టు కింద తాగుదం. నువ్వొచ్చేదాంక నా డొప్ప బోర్లెయ్య."

సంపత్ తెస్తనని మాటిచ్చిండు.

సమ్మక్క జాతర వారంల, ఒక శనివారం పొద్దుమూకి, లచ్చయ్య ఆ చెట్టు మొదలుకు ఆనుకొని కూసుండి మళ్ళ లేవలే. పక్కన డొప్ప ఎల్లకిల ఉన్నది.

అదే గడియల సంపత్ కొలోన్‌ల కూసున్నడు, ఆడ మధ్యాహ్నం. చాలనుకొని గ్లాసు మీద అట్ట పెట్టిండు. చెయ్యి తీసేసరికి అట్ట కింద పడ్డది. మళ్ళ పెట్టిండు... మళ్ళ పడ్డది. తలుపు గాలేమో అనుకున్నడు. మూడోసారి సుత పడ్డది. నడుముకు నీలం గుడ్డ కట్టుకున్న వంచేటాయన ఏమనకుండ ఇంకో గ్లాసు తెచ్చి పెట్టిపోయిండట.

ముసలాయన పోయిన సంగతి సంపత్‌కు మేం చెప్పలే. పిలగాడు అంత దూరం పోయిండు, పని సగంల ఇడిసి రావొద్దని జంపక్క నాతోటి ఒట్టేయించుకున్నది. మామ ఫోన్ ఎందుకు కలుస్తలేదన్నా అని సంపత్ అడిగితే టవర్ ఖరాబైందని చెప్పిన. రెండు నెలలు అదే అబద్ధం. ఆ పాపం నాదే, ఇప్పటికీ నా కడుపుల అరగలేదు.

దినాలనాడు చెట్టు కింద డొప్పను జంపక్క బోర్లేసి వచ్చింది. తెల్లారి చూస్తే ఎల్లకిల ఉన్నది. మళ్ళ బోర్లేసింది, మళ్ళ అదే తీరు. మూడోసారి ఊరి పెద్దలు పోయి బోర్లేసి, మీద రాయి పెట్టిన్రు. పొద్దుగాల రాయి ఒక దిక్కు ఉన్నది, డొప్ప ఆకాశం దిక్కు నోరు తెరిసి ఉన్నది.

అటెన్క బిచ్యా. టీవీఎస్ బండి మీద గిన్నెలు అమ్ముకుంటడు. దగ్గరి దారని ఒక మాపటీలి ఆ బాటెంట వచ్చిండు. చెట్టు దగ్గర ఎవరో దగ్గినట్టైందట. మెల్లగ అడిగినట్టు — "సంపతా... వచ్చినవా?" బిచ్యా బండి, గిన్నెలు అన్నీ ఆడనే పారేసి ఉరికిండు. వారం రోజులు జరం పట్టి పండిండు.

ఇగ ఊరోళ్ళు కూసొని చెట్టు కొట్టెయ్యాలని తీర్మానం చేసిన్రు. జంపక్కకు ఉన్న ఆధారం ఆ చెట్టొక్కటే. తనకు గియ్య రాకున్నా, మరిది కొడుకు గీసిస్తే కల్లు అమ్ముకొని బతకొచ్చు. కాళ్ళు మొక్కి అడుక్కున్నది. సంపత్ వచ్చేదాంక ఆగుండ్రి, ఆయన ఎదురు చూసేది వాని కోసమే అన్నది. ఆదివారం పొద్దుగాలదాంక ఆగుతం, తర్వాత గొడ్డలే అన్నరు.

సంపత్ శనివారం దిగిండు. భద్రాచలం బస్టాండుల నన్ను చూసి నవ్విండు, బ్యాగుల చెయ్యి పెట్టి లుంగీల చుట్టిన సీస చూపెట్టిండు. ఆడనే చెప్పిన. చెప్పి, నా మొఖం ఎటు పెట్టాల్నో తెల్వలే. వాడు నన్ను తిట్టలే. తిడితే బాగుండు. సీసను మళ్ళ లుంగీల చుట్టి, "పోదం పా అన్నా" అన్నడు.

జంపక్క మెతుకు ముట్టకుండ కూసున్నది. సంపత్‌ను చూసి ఏడ్వలే, వాని మోచెయ్యి పట్టుకొని పని చెప్పినట్టు చెప్పింది.

"నీ చేత్తోటే ఆయనకు వంచు. నీ చేత్తోటే ఆయన డొప్ప బోర్లెయ్యి. బోర్లెయ్యకుంట రాకు అల్లుడా."

మేం కల్వర్టు కాడికి వచ్చేసరికి పొద్దు గూకనే గూకింది. నేను బండి కాడ ఉంటనన్న. ఎందుకంటే... భయమైంది, ఇగ దాచుడెందుకు. సంపత్ ఫోన్ లైటు పట్టుకొని ఒక్కడే దిగిండు. ఆ లైటు చెట్ల సందుల కాసేపు ఆడింది, తర్వాత కనబడలే.

ఇగ లోపల జరిగింది వాడు చెప్పింది.

టేకాకులు ఎండి ఉన్నయి, అడుగేస్తే చప్పుడు. వాడు నడిస్తే చప్పుడు, ఆగితే ఆగాలె. ఆగలే. వాడు ఆగినంక ఇంకో రెండడుగులు... అప్పుడు ఆగింది. ఎనకకు చూస్తే ఎవ్వలు లేరు.

చెట్టు మొదట్ల డొప్ప ఎల్లకిల ఉన్నది. రెండు నెలల కింది ఆకు ఎండి నల్లబడాలె, గని లోపల తడి ఉన్నదట. సంపత్ ఆ పక్కన కూసున్నడు. అట్ట నేల మీద పెట్టి, దాని మీద గ్లాసు పెట్టిండు. సీస మూత తీస్తే టస్సుమన్నది, ఆ చప్పుడుకు వాడే ఉలిక్కిపడ్డడు. రెండు చుక్కలు నేలకు ఇడిసి, గ్లాసు నిండ పోసిండు. నురుగు పొంగి అంచు దాంక వచ్చి ఆగింది.

"మామా... తెచ్చిన" అన్నడట.

ఏం లేదు. కీచురాళ్ళు సుత బందైనయి.

అప్పుడు చెట్టుకు అటు దిక్కు, చుట్ట వాసన. పచ్చి ఆకు చుట్ట కాలిన వాసన, వాడు చిన్నప్పటి సంది ఎరిగిన వాసన. ఎంటనే మోకాళ్ళు టకటకమన్నయి — ముసలోళ్ళు నేల మీద కూసునేటప్పుడు అయ్యే చప్పుడు. ఎవరో మెల్లగ, చెట్టుకు వీపు ఆనిచ్చి కూసున్నరు. ఊపిరి ఇనబడ్తున్నది...

ఎంత ప్రేమున్నా భయం భయమే. సంపత్ లేసి ఉరికిండు.

నాకు ఆకుల చప్పుడు ఇనబడి హెడ్‌లైట్ ఏసిన. చెప్పులు లేవు, కాళ్ళకు రక్తం, మొఖం తెల్లగ పాలిపోయి వచ్చి బండి మీద పడ్డడు. కాసేపు ఊపిరి తీస్కోనిచ్చి అడిగిన.

"బోర్లేసినవా?"

వాడు నా దిక్కు చూసిండు. తర్వాత తల అడ్డం ఊపిండు.

తెల్లారితే గొడ్డలి. జంపక్క మెతుకు ముట్టకుండ కూసున్నది. సంపత్ లేసి నిలబడ్డడు. ఒక్కణ్ని పోలేనన్నా అన్నడు. రెండు నెలలు అబద్ధం చెప్పిన నోటితోటి నేను రానని ఎట్లంట? పోయిన.

ఆ పావుగంట నడక నా పానం పోయేదాంక యాదుంటది. నా చేతిల బండి టార్చి లైటు చెట్ల మీద ఎగురుతున్నది. కుడి దిక్కు మాతోటి సమంగ ఏదో నడుస్తున్నది. మేం ఆగితే ఆగుతున్నది. బరువైంది, తొందర లేంది. ఎన్నడూ దేవుణ్ని పిలవని నేను ఆ రోజు రామయ్యనూ పిలిసిన, సమ్మక్కనూ పిలిసిన, మా అవ్వనూ పిలిసిన.

చెట్టు కాడికి పోయినం. డొప్ప అట్లనే ఎల్లకిల ఉన్నది. సంపత్ మోకాళ్ళ మీద కూసొని, రెండు చేతులతోటి దాన్ని తీసి, మెల్లగ బోర్లేసిండు. మేం గుడ్లప్పగిచ్చి దాన్నే చూస్తున్నం. కదలలే. ఎంతసేపైనా కదలలే. కీచురాళ్ళు మళ్ళ మొదలైనయి. గ్లాసు, అట్ట లుంగీల చుట్టుకొని వచ్చేసినం. వచ్చేటప్పుడు పక్కన ఏ చప్పుడూ లేదు.

పొద్దుగాల గొడ్డండ్లు పట్టుకొని ఊరంతా పోయింది. డొప్ప బోర్లనే ఉన్నది. చుట్టూ మెత్తటి మన్నుల ఎలుగుబంటి పాదాలు ఉన్నయి, అబద్ధం చెప్ప, నేనూ చూసిన. ఇంకేంది, అందరికీ ధైర్యమొచ్చింది. ఇప్పపువ్వుకు, కల్లు వాసనకు తిరిగే ఎలుగట. డొప్ప తిప్పింది అదేనట, రాయి దొబ్బింది అదేనట, బిచ్యాకు ఇనబడ్డ దగ్గు సుత దానిదేనట. నవ్వుకున్నరు. గొడ్డండ్లు భుజానేసుకొని మళ్ళిపోయిన్రు. చెట్టు బతికింది. ఆ పూట జంపక్క గంజి తాగింది.

మేమిద్దరం ఏం మాట్లాడలే. మాట్లాడితే చెట్టు దక్కదు. అందుకే ఒక్క సంగతి ఇన్నాళ్ళు దాచినం.

డొప్ప బోర్లేసినంక ఆ రాత్రి నేను టార్చి గ్లాసు మీదికి తిప్పిన. సంపత్ ఉరికేటప్పుడు అది నిండ ఉన్నది, అట్ట దాని కింద ఉన్నది. ఇప్పుడు గ్లాసు ఖాళీ. పడలే, ఒరగలే, పెట్టిన తావుల పెట్టినట్టే నిలబడి ఉన్నది. లోపలి గోడలకు నురుగు ఇంకా జారుతున్నది. సరే, ఎలుగే తాగిందనుకుందం. రెండు వేళ్ళు పట్టని ఆ సన్న గ్లాసుల మూతి ఎట్ల పెట్టిందో పెట్టిందనుకుందం.

గని అట్ట గ్లాసు మీద ఉన్నది. గుండ్రంగ, సరిగ్గ, మూత పెట్టినట్టు.

ఆ పద్ధతి నాకప్పటికి తెల్వదు, జంపక్కకు తెల్వదు, ఊర్ల ఎవ్వలకు తెల్వదు. సంపత్ చెప్పింది ఒక్కనికే, గుట్ట మీద ఫోన్ పట్టుకొని కూసున్నాయనకు.

ఏందిరా ఇది అని అడిగిన. వాడు ఆ అట్ట మీద అరచెయ్యి పెట్టి, చానాసేపు ఏడ్చి, మెల్లగ చెప్పిండు.

"మామ చాలన్నడన్నా."