చుక్క మింగిన డాక్టర్

1966. హైదరాబాద్‌లో ఒక లాడ్జి గదిలో ఏజెంట్ రామచందర్ శవం దొరికింది. కణతలో తూటా.

ఆ శవం ముందు పిడికిళ్లు బిగించి నిలబడ్డ చంద్రప్ప కూడా ఏజెంటే. చనిపోయినవాడు అతని సొంత తమ్ముడు.

"చంపింది డాక్టర్ విల్మర్. విదేశీ గూఢచారి," అన్నాడు చీఫ్. "జహీరాబాద్‌లో పోలియో క్యాంపు పెట్టాడు. అసలు మందులో ఉండేది బలహీనపరచిన వైరస్. వీడి సీసాల్లో ఉన్నది బలమైన వైరస్."

"సూదిమందా సార్?"

"నోటి చుక్కలు. సూదితో ఇచ్చేది చచ్చిన వైరస్. అది ఒంట్లోనే ఆగిపోతుంది. బతికున్నది నోట్లో పడితే పేగుల్లో పెరిగి, మలంతో బయటికొచ్చి, నీళ్లలోంచి పక్కింటి పిల్లలకు పాకుతుంది. ఒక్క బిడ్డ చాలు, ఊరంతా అంటుకోవడానికి. ముఠా పేర్లు కావాలి. వాణ్ని చంపకు."

చంద్రప్ప పిస్తోలు జేబులో వేసుకున్నాడు.

జహీరాబాద్‌లో అల్లం వ్యాపారి వేషంలో బస్సు దిగాడు. పట్టుచీర, నల్లకళ్లద్దాలతో ఓ అందగత్తె ఎదురొచ్చింది. విల్మర్ సెక్రటరీ భాగీరథి. మనకోసం పనిచేసే డబుల్ ఏజెంట్.

"అల్లం ఘాటున్నదా?" కోడ్ అడిగింది.

"కండ్లల్ల నీళ్లొస్తయి."

"జల్ది నడువు. చుక్కలు షురూ చేస్తున్నడు."

దవాఖాన ముందు బీరమ్మ అనే తల్లి తన బిడ్డ నోరు తెరిపించింది. డ్రాపర్ కొసన చుక్క వేలాడుతోంది. చంద్రప్ప ఒక్క దూకుతో విల్మర్ మణికట్టు పట్టేశాడు.

"ఆగమ్మా! గా చుక్క విషం!"

"పిచ్చి లేసిందా? దేవుని అసొంటి డాక్టరు!" బీరమ్మ కసిరింది.

విల్మర్ నవ్వి, అందరూ చూస్తుండగా డ్రాపర్‌ను తన నోట్లోనే పిండుకున్నాడు. "విషమైతే నేను తాగుతానా?"

జనం చంద్రప్ప మీదికొచ్చారు. అతని చేయి జేబులోని పిస్తోలు మీదికి పోయింది. భాగీరథి ఆ చేతిని పట్టుకుని చెవిలో చెప్పింది: "వాడు సూదిమందు ఏసుకున్నడు, కాళ్లు పడిపోవు. కని వాని ఇంటికాడ సంటిబిడ్డ ఉన్నది. ఆ బిడ్డకు ఇంకా ఏ మందూ ఏయలె."

చంద్రప్ప పిస్తోలు వదిలేశాడు.

"తప్పైంది డాక్టర్‌సాబ్. ఇయ్యాల్నే మిమ్మల్ని విమానం ఎక్కిస్తం. ఇంటికి పోయి బిడ్డను ఎత్తుకోన్రి. సూది మీ కాళ్లను కాపాడుతది. పేగులల్ల పెరిగేదాన్ని ఆపదు."

విల్మర్ ముఖం పాలిపోయింది. గొంతులో వేళ్లు పెట్టుకుని కక్కబోయాడు. రాలేదు. చంద్రప్ప కాళ్లు పట్టుకున్నాడు.

"ఇంటికి వద్దు! జైల్లో పెట్టండి... పేర్లన్నీ చెబుతాను!"

బీరమ్మ బిడ్డను చంకకెత్తుకుని, కాలి చెప్పు తీసింది.

"ఆపుదమా?" అడిగింది భాగీరథి.

"ఎందుకు? లైన్ల ఇంక శానమంది తల్లులున్నరు," అన్నాడు చంద్రప్ప.