తిమ్మమ్మ పాటకు పట్టిన మైల

అబద్ధం చెప్పిన మరునాటి పొద్దున కూడా టీ ఇంత రుచిగా ఎలా ఉంటుంది?

మారెప్ప తనను తాను ఈ ప్రశ్న వేసుకుని, జవాబు దొరక్కముందే గ్లాసు ఖాళీ చేశాడు. మనసు మీద బరువున్నప్పుడు నాలుక మొద్దుబారుతుందని అతను అనుకునేవాడు. అలాంటిదేమీ జరగలేదు. అల్లం ఘాటు వేరుగా, బెల్లం తీపి వేరుగా తెలుస్తున్నాయి. అరుగు మీద కూర్చుని, రోడ్డు వైపు చూడకుండా ఉండటానికి మాత్రం కొంచెం కష్టపడాల్సి వస్తోంది.

లోపల తిమ్మమ్మ ఉప్పునీళ్ళు పుక్కిలించి వచ్చింది. పెట్టె అడుగున దాచుకున్న ముదురాకుపచ్చ చీర కట్టుకుంది. కోడలు చౌడేశ్వరి ఆమెను గడప మీద కూర్చోబెట్టి తల దువ్వుతోంది.

"కదలాకత్తా. ఫోటో కూడా తీస్తారంట."

"నా మొగం ఎవురు సూస్తారే? వాళ్ళకు కావాల్సింది గొంతు. గమ్మున ముడెయ్యి."

"పాట వినేటోళ్ళకు ఫోన్లో నీ బొమ్మ కనపడతాదత్తా. దువ్వని తలతో దేశమంతా తిరుగుతావా?" అని కోడలు మామ వైపు తిరిగింది. "మామా, జీపు యాడిదాంక వచ్చిందో ఫోన్ చేసి అడగరాదా?"

"వస్తాదిలే. గవర్నమెంటు బండి కదా, దాని తీరుగా అది వస్తాది" అన్నాడు మారెప్ప.

జీపు రాదని అతనికి తెలుసు. రావద్దని చెప్పినవాడు అతనే.

ఆ ఊరు కంబదూరుకు దగ్గర. మారెప్పది ఉరుములు వాయించే ఇల్లు. ఉరుము నడుము సన్నగా ఉండే వాద్యం. ఒక పక్క తోలును పుల్లతో కొడతారు, రెండో పక్క తోలును వంపు పుల్లతో రుద్దుతారు. రుద్దినప్పుడు దూరాన ఎక్కడో మబ్బు కదిలినట్టుంటుంది. వానకు మొహం వాచిన నేల కావడం వల్లనేమో, ఆ చప్పుడు వింటే జనం ఇళ్ళలోంచి బయటికొస్తారు. వచ్చినవాళ్ళంతా తన కోసమే వచ్చారన్న నమ్మకంతో మారెప్ప జుట్టు నెరిసింది.

కిందటి నెల ఆ నమ్మకానికి దెబ్బ తగిలింది. జానపద సంగీతాన్ని నిలబెట్టడానికి ప్రభుత్వం ఒక పథకం పెట్టింది. మంచి పాటను తన ఖర్చుతో రికార్డు చేయించి దేశమంతటికీ వినిపిస్తుందట, రాబడిలో పాడినవారికి వాటా ఇస్తుందట, సభలకు పంపుతుందట. టీ కొట్టు దగ్గర ఎవరో, "పాటకు దుడ్లిచ్చే సర్కారు మబ్బుకు కూడా ఇంత ఇస్తే బాగుండు" అని నవ్వించారు. మారెప్ప నవ్వలేదు. తన తండ్రికి రాని రోజు తనకు వచ్చిందనుకున్నాడు. పథకం తరఫున హేమావతి అనే అధికారిణి ఊరికి వచ్చినప్పుడు, కంబదూరు నుంచి దాయాది తమ్ముడు జయరాంను కూడా పిలిపించుకుని, చెమటలు కారేలా వాయించాడు. ఆమె శ్రద్ధగా విని, "చాలా బాగుందండీ" అంది. చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళింది. ఎంతకీ తిరిగి రాలేదు.

పెరట్లో తిమ్మమ్మ వేరుశనగ కాయలు ఒలుస్తూ, తన ధ్యాసలో తాను పాడుకుంటోంది.

*నీళ్ళడిగితే నేల నవ్వె,*
*నవ్విన నేలకు నా నీడ కప్పితి...*

హేమావతి ఆ మట్టిలోనే చతికిలబడి, రికార్డరు తిమ్మమ్మ ముందు పెట్టింది. జయరాం గోడకు ఆనుకుని కళ్ళు తుడుచుకున్నాడు. మారెప్ప ముందరి వాకిట్లో, ఒళ్ళో వాద్యంతో, ఒక్కడే కూర్చుండిపోయాడు. "ఇలాంటి పాట కోసమే కదమ్మా మేం ఊళ్ళు తిరుగుతున్నాం" అన్న మాట గోడ దాటి అతని చెవిన పడింది. ఆ తర్వాత ఊళ్ళో ఎవరో కొత్తవాళ్ళకు అతన్ని చూపించి, "తిమ్మమ్మ మొగుడు" అన్నారు. అందులో అబద్ధమేమీ లేదు. అయినా ఆ మాట అతని గొంతులో ముల్లులా దిగబడింది.

నిన్న హేమావతి ఫోన్ చేసి, రేపు పొద్దున జీపు పంపుతున్నాననీ, అనంతపురం స్టూడియోలో రికార్డింగ్ అనీ చెప్పింది. అప్పుడు ఇంట్లో ఎవరూ లేరు. మారెప్ప నోరు అతని అనుమతి అడగకుండానే కదిలింది. "మాకు మైల వచ్చింది మేడమ్. దాయాది పోయినాడు. పెద్దకర్మ అయ్యేదాంక మేము వాద్యం ముట్టగూడదు, ఇంట్లో ఆడోళ్ళు పాట ఎత్తగూడదు. మా ఉరుముల దేవత అక్కమ్మ ఒప్పుకోదు." ఆచారం నిజమే. అందుకే ఆమె నమ్మింది. ఎవరు పోయారని ఆమె జాలిగా అడిగితే, నాలుక చివర సిద్ధంగా ఉన్న పేరు జారిపడింది: జయరాం.

పరాయివాడి మీద కలిగే అసూయను పగ అని సరిపెట్టుకోవచ్చు. ఇంటి మనిషి మీద కలిగినదానికి మర్యాదైన పేరు దొరకదు. అతను దానికి ఆచారమని పేరు పెట్టాడు.

రోడ్డు మీద చప్పుడైంది. తిమ్మమ్మ గబుక్కున లేచి కొంగు సర్దుకుంది. వచ్చింది జీపు కాదు, ఒక పాత మోపెడ్. దాని మీద జయరాం.

మారెప్ప చేతిలోని గ్లాసు జారి అరుగు మీద దొర్లింది.

"వదినా, అన్నం వండినావా లేదా? సచ్చినోడు వచ్చినాడు, ఇస్తరెయ్యి!" అంటూ జయరాం బండి దిగాడు.

"పొద్దున్నే ఏం మాటలబ్బా అవి? నోరు కడుక్కోలేదా?" తిమ్మమ్మ నవ్వింది.

"నా మాటలు కాదు వదినా, గవర్నమెంటు మాటలు. నిన్న సాయంత్రం హేమావతి మేడమ్ నా నంబరుకే ఫోన్ చేసింది. నేను ఎత్తితే నా కొడుకనుకునింది. 'జయరాం గారు పోయారని తెలిసింది బాబూ, చాలా బాధగా ఉంది' అనె. నాకు కాళ్ళు చేతులు ఆడలే. ఒకసారి ఒళ్ళంతా తడుముకుంటి."

చౌడేశ్వరి దువ్వెన పట్టుకునే పడీపడీ నవ్వింది. "మరి నువ్వేం చెప్పినావు సిన్నమామా?"

"ఏం చెప్తా? 'మంచోడు మేడమ్, ఉరుము బాగా వాయించేటోడు' అని చెప్తి. సచ్చినాకైనా ఎవురో ఒకరు అనల్ల కదా!" అన్నాడు. అంతలో అతని నవ్వు సన్నగిల్లింది. "అదంతా సరే వదినా. దాయాది మైలంట, అందుకని తిమ్మమ్మ గారిని ఈ తడవకు పక్కన పెట్టినాము అని కూడా అనె. నీకు తెలుసో లేదో కనుక్కుందామనే వచ్చినా."

తిమ్మమ్మ బండి దగ్గరికి వచ్చింది.

"ఆయమ్మకు మైలని చెప్పిందెవురు?"

జయరాం తన బండి చక్రం వైపు చూశాడు. "ఎవురైతే ఏముండాది వదినా. యాడో పొరపాటు పడింటాది."

"బతికుండానని నువ్వెందుకు చెప్పలేదు మరి?"

"చెప్తే మనింటోడే అబద్ధాలోడని బయటి మనిషికి తెలిసిపోదా?" అనేసి, అన్నమాట తిరిగి మింగలేక నాలుక కరుచుకున్నాడు.

ఆమె మొగుడి వైపు తిరిగింది. చౌడేశ్వరి నవ్వు కూడా ఆగిపోయింది.

మారెప్ప లేచాడు. లేవగానే అతనిలో ముందు పుట్టింది సిగ్గు కాదు, కోపం.

"అవును, నేనే చెప్పినా! ఏమిప్పుడు? పుట్టినప్పటి నుంచి ఈ తోలు రుద్ది రుద్ది నా చేతులు కాయలు కాసినాయి. మా నాయన దీన్నే మెడకేసుకుని ఊరూరా తిరిగి తిరిగి సచ్చె. ఒక్క గవర్నమెంటోడు మా గడప తొక్కలే. నువ్వు చెనక్కాయలు ఒలుస్తా కూనిరాగం తీస్తే మాత్రం స్టూడియోనా? జీపా?"

"మామా..." అంది చౌడేశ్వరి.

"నువ్వుండే" అని తిమ్మమ్మ కోడల్ని ఆపింది. ఆమె గొంతు పెరగలేదు. "పోవద్దని నా మొగం మీద చెప్పింటే కొట్లాడేదాన్ని. గెలిస్తే పోయేదాన్ని, ఓడితే కూసోని చెనక్కాయలు ఒలిచేదాన్ని. నువ్వు నన్ను వద్దనలేదు. అక్కమ్మను అడ్డం పెట్టుకుంటివి. బతికున్నోణ్ణి సంపితివి. నా నోట్లో ఉన్న పాటకు మైల పూస్తివి. రేపు నిజంగా ఎవురన్నా పోతే, ఏడ్చేకి నోరు నేను యాడ తెచ్చుకోవల్ల?"

ఏదో ఒకటి అనాలి కాబట్టి, మారెప్ప నోటికి వచ్చింది అడిగాడు.

"అంత పెద్ద పాట... ఎప్పుడు కట్టినావు?"

ఆమె అతని ముఖంలోకి వింతగా చూసింది.

"బోరు ఎండిపోయిన ఏడు. నువ్వు కూలికి బెంగళూరు పోతివి, నేను పిల్లోణ్ణి సంకనేసుకుని ఈడ ఉంటి. చేలో ఏమీ మొలవలే. పాట మొలిచింది."

"నాకెప్పుడూ చెప్పలేదే."

"చెప్పేదేంది? నువ్వొచ్చినాక కూడా దినామూ పాడితి. నువ్వు నా పక్కనే కూసోని ఉరుము పుల్ల చెక్కుకుంటా ఉంటివి."

ఆ మాటలో నిందించే ధోరణి లేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది, అంతే. మారెప్పను కూలదోసింది అదే. అతను మళ్ళీ అరుగు మీద కూర్చున్నాడు.

తన చెవి గొప్పదని అతనికి గర్వం. పది మంది ఒక్కసారి వాయిస్తున్నా, ఎవరి తోలు సడలిందో చెప్పగలడు. ఆ చెవికి మూరెడు దూరంలో ఒక మనిషి కొన్నేళ్ళపాటు తన ఒంటరితనాన్ని పాడింది, అతనికి వినబడలేదు. చేతులు కడుక్కోవడానికి వెళ్ళిన కొత్త మనిషికి మొదటి చరణంలోనే వినబడింది. తనను ఇన్నాళ్ళూ కాల్చింది భార్యకు దక్కిన పేరు అనుకున్నాడు. లోపలికి దిగి చూసుకుంటే, దాని కింద వేరే మంట కనబడింది. తాను వినవలసిన పాటను మరెవరో ముందుగా వినేశారు. అతను అసూయ పడింది ఆ విన్న చెవి మీద. పోగొట్టుకున్నది తానే అయినప్పుడు, తీసుకున్నవారి మీద కోపగించుకుని ఏం ప్రయోజనం?

కళ్ళు మసకబారాయి. తుడుచుకోలేదు. జేబులోంచి ఫోన్ తీశాడు.

"ఎవురికి?" అని అడిగింది తిమ్మమ్మ.

"సెప్పల్సినోళ్ళకు." నంబరు నొక్కి కోడలికి అందించాడు. "అందరికీ వినపడేటట్ల పెట్టమ్మా."

"చెప్పండి మారెప్ప గారూ" అంది హేమావతి గొంతు, వాకిలంతా వినబడేలా.

"మేడమ్, మా ఇంట్లో ఎవురూ సావలేదు. మైల లేదు. నా పెండ్లాం పాడుతాదని కడుపుమంటతో నేను అబద్ధం చెప్పినా."

జయరాం తల దించుకున్నాడు, తప్పు తనదే అయినట్టు.

"జీపు వేరే ఊరికి వెళ్ళిపోయిందండీ" అంది హేమావతి. "మధ్యాహ్నం ఒక బృందం రావడం లేదు, ఆ సమయం మాత్రం ఖాళీగా ఉంది. మీ అంతట మీరు రాగలిగితే రండి. ఆవిడ పాటకు ఉరుము మీరే వాయిస్తారా?"

తిమ్మమ్మ చూపు అతని మీద నిలిచింది. జయరాం కూడా చూస్తున్నాడు. పేరూ, మైకూ, ప్రభుత్వం ముద్రా, జీవితమంతా కోరుకున్న చోటు, ఒక్క 'అవును' దూరంలో ఉన్నాయి.

"లేదు మేడమ్. జయరాం వాయిస్తాడు. నాకన్నా మెత్తగా రుద్దుతాడు. ఆ పాటకు అది బాగుంటాది."

ఈ మాట అతను తమ్ముడి గురించి ఎన్నడూ అనలేదు. అనడం అనుకున్నంత కష్టంగా లేదని గమనించి ఆశ్చర్యపోయాడు. ఫోన్ పెట్టేసి, లోపలికి పోయి, తన ఉరుమును చిలక్కొయ్య నుంచి దించి జయరాం మెడలో వేశాడు.

"అన్నా, నీది వద్దులేన్నా..." జయరాం దాన్ని మెడలోంచి తీయబోయాడు.

"గమ్మునుండప్పా. తోలు పదునుగా ఉండాది, ఎండ తగలనీకు."

"మరి నువ్వేం చేస్తావు?" తిమ్మమ్మ అడిగింది.

"వస్తా. స్టూడియో అద్దానికి ఈ పక్కన కూసోని వింటా. నువ్వు వద్దంటే బయట నిలబడతా."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది, కళ్ళ దగ్గర కాస్త ఎక్కువసేపు.

"మొదటిసారి వింటాండావు కదా. నడుమ నడుమ తల ఊపాకు, నాకు నవ్వొస్తాది" అంది.

రోడ్డు మలుపు దగ్గర అనంతపురం దారిలో పోయే కళ్యాణదుర్గం బస్సు హారన్ వినబడింది. ఆ ఊళ్ళో అది ఆగే అలవాటు లేదు. మారెప్ప చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తి, గరుకు తారు మీద, రోడ్డుకు నట్టనడుమ, రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు.